చేతులు కడుక్కున్నారా అత్తయ్యా?

జూన్ 9

ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదట. పిల్ల లేస్తుందట. నోరు మూసుకుని కూర్చుంటే నాకు కడుపుబ్బరం. అందుకని ఇక్కడ అరుస్తున్నాను. మందుల షాపు వాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ వేడి గిన్నెల కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది. అట్ట మీద గుండ్రంగా మాడిన మచ్చ ఉంది. ఇవాళ నా మనసూ అలాగే ఉంది.

జరిగింది ఇది. నా మనవరాలు జుమానా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి వారం కాలేదు. ఉయ్యాలలో పడుకుని పైకప్పుకేసి చూస్తూ పెదాలు చప్పరిస్తోంది. నేను వంగాను, చేతులు చాచాను. వెనకనుంచి నా కోడలు లుబ్నా గొంతు.

"చేతులు కడుక్కున్నారా అత్తయ్యా?"

నన్ను! సబ్బుకి పేరుపడ్డ నాబ్లుస్‌లో, సబ్బు ఇంటి ఇల్లాలిని! నా మొగుడు బతుకంతా సబ్బు కార్ఖానాలో ఆలివ్ నూనె సబ్బు కోసి, ముద్ర కొట్టి, ఆరడానికి మనిషెత్తు బురుజుల్లా పేర్చినవాడు. మా ఇంట్లో తలకీ అదే సబ్బు, గిన్నెలకీ అదే, బట్టలకీ అదే. మా అటక మీద లుబ్నా కన్నా పెద్ద వయసు సబ్బులున్నాయి.

"కడుక్కున్నాను," అన్నాను.

"ఎప్పుడు?"

ఎప్పుడేమిటమ్మా ఎప్పుడు? పొద్దున పిండి కలిపేముందు. ఆ మాట అన్నాక నా చేతుల వంక చూసింది. నేనూ చూసుకున్నాను. గోరు సందులో పిండి ఉంది. పిండేగా!

కడుక్కొచ్చేసరికి పిల్ల నిద్రపోయింది.

జూన్ 10

ఇవాళ ఎత్తుకున్నాను. కాసేపే. వేలు పట్టుకుని వదల్లేదు. ఏం పట్టు! అచ్చం మా అబ్బాయి నిజార్ పట్టు.

నేను చేతులు కడుక్కునే ఎత్తుకున్నాను. భయపడి కాదు. ఎలాగూ గిన్నెలు తోమాను కదా అని.

జూన్ 12

వియ్యపురాలు ఉమ్ బాసిల్, అంటే లుబ్నా తల్లి, జెనీన్ నుంచి దిగింది. రెండు పెట్టెలు. ఒక దాంట్లో బట్టలు. రెండోది తెరిస్తే గుప్పుమంది. అన్నీ బ్లీచు సీసాలు! నాబ్లుస్‌కి బ్లీచు మోసుకొచ్చిన మొదటి ఆడమనిషి ఈవిడే అయ్యుంటుంది. మేమేదో మురికిలో పొర్లుతున్నట్టు!

"మీ సబ్బు వాసన మంచిదే ఉమ్ నిజార్," అంది నాతో, కాఫీ తాగుతూ. "కానీ క్రిమి చావాలంటే బ్లీచే. మా ఇంట్లో ఈగ కూడా అడుగుపెట్టడానికి ఆలోచిస్తుంది."

"మనుషులు కూడానట కదా," అన్నాను.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన అబూ నిజార్ కప్పు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. మాటలు వేడెక్కేముందు ఆయనకి ఎలా తెలుస్తుందో గాని ముందే తెలిసిపోతుంది.

పై అంతస్తులో నిజార్ వాళ్ళ వంటింటికి టైల్స్ వేస్తున్నారు. ఆ పని ఎప్పటికి తెములుతుందో దేవుడికెరుక. అందాకా అందరం నా వంటింట్లోనే. ఒక పొయ్యి, ముగ్గురాడవాళ్ళు.

జూన్ 14

లుబ్నాకి పాలు చాలడం లేదు. మధ్యమధ్య డబ్బా పాలు. దాంతో పెద్ద కుండెడు నీళ్ళు పొయ్యి మీద ఎప్పుడూ తెర్లుతూనే ఉంటాయి. సీసాలు అందులో, రబ్బరు పీకలు అందులో, చెంచాలు అందులో. ఇవాళ సీసా మీది ప్లాస్టిక్ మూత కూడా వేసింది. కరిగి ముద్దయి అడుగంటింది. ఆ కుండలో నేను ఇదివరకు అన్నం వండేదాన్ని.

లుబ్నా బళ్ళో కంప్యూటరు చెప్పే టీచరు. ఏ అనుమానం వచ్చినా ఫోను తీస్తుంది. ఫోను ఏం చెప్తే అదే చట్టం. "మరిగిస్తే చావని క్రిమి దాదాపు లేదు అత్తయ్యా," అంటుంది.

"మరిగిస్తే నేను కూడా చస్తాను తల్లీ, అంతమాత్రాన రోజూ మరిగిస్తావా?"

నవ్వేసింది. నవ్వితే చక్కగా ఉంటుంది ఈ పిల్ల. మొహం మీద చెప్పను.

జూన్ 15

అసలు సంగతి ఇవాళ బయటపడింది. వేసవి సెలవులయ్యాక లుబ్నా బడికి వెళ్ళాలి. పగలు పిల్లని ఎవరు చూస్తారు? మూడు దారులట. బడి పక్క నర్సరీ. లేదా ఉమ్ బాసిల్ వారమంతా జెనీన్‌లో ఉంచుకుని గురువారం తెచ్చి అప్పజెప్పడం. లేదా నేను.

మూడోదాన్ని నిజార్ చివర్లో అన్నాడు, ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు. కన్న తల్లినిరా నేను!

"ఇంకా అనుకోలేదు," అంది లుబ్నా. "ఎవరి దగ్గర శుభ్రం బాగుంటే వాళ్ళ దగ్గర."

సరే. నాకేం? నాకు పనుల్లేవా? మధ్యాహ్నం హాయిగా కునుకు తీస్తాను. పసిపిల్లని సాకే ఓపిక ఈ వయసులో ఎవరికుంది?

జూన్ 16

మేడ మీంచి నిజార్ చిన్నప్పటి ఉయ్యాల దింపించాను. చెక్క పాడైపోతోందని. సబ్బు పెట్టి రుద్ది ఎండలో పెట్టాను. నా మంచం పక్కన ఖాళీ ఉంటే అక్కడ పెట్టించాను. ఖాళీ లేదు, చేశాను. బట్టల బీరువా వరండాలోకి వెళ్ళింది.

అబూ నిజార్: "బీరువా ఎందుకు కదిలించావ్?"

"గాలి తగలాలని."

జూన్ 19

ఇవాళ చుట్టాలొచ్చే రోజు. పిల్ల పుడితే వండే కరావియా పాయసం రెండు పెద్ద గిన్నెలు వండాను, పైన అక్రోట్లు, బాదంపప్పు పరిచాను. వచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల బుగ్గ మీదికి మూతి చాచి రావడమే.

నేను గుమ్మంలో నిలబడ్డాను. సందు చివర ఉండే హజ్జా ఫత్‌హియా, చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికి రాబోయింది.

"చేతులు కడుక్కో హజ్జా."

"ఏమే ఇన్‌ఆమ్! నీ మొగుడికి బొడ్డు కోసింది నా చేతులతోనే!"

"అప్పుడు కడుక్కున్నావా?"

గొణుక్కుంటూనే సింకు దగ్గరకి నడిచింది. కొత్త సబ్బు బిళ్ళ ఇచ్చాను. ఊరికే తడిపి తీసేయబోతే మణికట్టు దాకా రుద్దించాను. వేళ్ళ సందుల్లో కూడా. ఆ తర్వాత ఎవరు వచ్చినా అదే. సాయంత్రానికి బిళ్ళ సగమైంది. ముద్దులు మాత్రం కాళ్ళకే అన్నాను, మూతికి కాదు. హజ్జా ఫత్‌హియా నాతో మాట్లాడటం మానేసిందట. మంచిదే, ఆవిడ మాట్లాడటం మొదలెడితే మధ్యాహ్నం నమాజు దాటిపోతుంది.

లుబ్నా చూస్తోంది. ఆ తర్వాత పాయసం గిన్నె తనే తెచ్చి నా చేతికిచ్చింది.

జూన్ 21

ఎండ మండిపోతోంది. ఇలాంటి రోజుల్లో నా కూజాయే దిక్కు. మా అమ్మ ఇచ్చిన మట్టి కూజా. కిటికీలో పెడితే గాలికి చెమర్చి నీళ్ళు చల్లగా, తియ్యగా అవుతాయి. ఫ్రిజ్ నీళ్ళు పసివాళ్ళ ఛాతీకి పడవు, ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకని లుబ్నా మరిగించిన నీళ్ళే కూజాలో పోసి చల్లార్చి, నా వంతు వచ్చినప్పుడు పాలు వాటితో కలుపుతున్నాను. మరిగిన నీళ్ళే కదా. లుబ్నాకి ప్రత్యేకంగా చెప్పలేదు. మట్టి అంటే మళ్ళీ ఫోను తీస్తుంది.

ఉమ్ బాసిల్ కూడా కూజా నీళ్ళు తాగి మెచ్చుకుంది. "మా జెనీన్‌లో కూడా ఇంత చల్లగా ఉండవు," అంది. ఆ ఒక్క విషయంలో ఆవిడకి బుద్ధి ఉంది.

జూన్ 23

ఈ రోజు మమ్మల్నందరినీ చంపబోయింది. రాస్తుంటే ఇంకా దగ్గొస్తోంది.

బాత్రూంలో నేల మీద తెల్లటి నీటి మరకలు, మా ఊరి నీళ్ళకి అవి మామూలే. ఉమ్ బాసిల్ ముందు బ్లీచు పోసింది. చాల్లేదని దాని మీద మరకల ఆసిడ్ కూడా గుమ్మరించింది. "రెండూ కలిస్తే రెట్టింపు పని," అందట. పనైతే చేసింది! పచ్చటి ఘాటు వాసన బుస్సున లేచి, ఆవిడ కళ్ళు కారుతూ, గొంతు పట్టుకుని బయటికి పరిగెత్తింది. నేను పిల్లని ఎత్తుకుని మెట్ల మీదుగా వీధిలోకి. ఆ నిమిషంలో ఎవరూ నా చేతుల సంగతి అడగలేదు.

అందరం రోడ్డు మీద. అబూ నిజార్ ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెళ్ళి కిటికీలన్నీ తెరిచొచ్చాడు. హజ్జా ఫత్‌హియా తన కిటికీలోంచి చూసి, పంతం మర్చిపోయి అరిచింది: "ఏమైందే ఇన్‌ఆమ్?"

"మా వియ్యపురాలు క్రిములతో యుద్ధం చేసింది హజ్జా! మేమే ఓడిపోయాం!"

లుబ్నా వాళ్ళమ్మని వీధిలోనే కడిగేసింది. ఆ సీసాల వెనకాలే రాసుంటుంది కదమ్మా, వేరే దేంతోనూ కలపొద్దని! ఉమ్ బాసిల్ కళ్ళు తుడుచుకుంటోంది. ఘాటుకో మరి దేనికో. నాకు లోపల కునాఫా మిఠాయి ముక్క తిన్నంత తీపిగా ఉంది. పాపం అనిపించాలి కదా. రేపు అనిపిస్తుందిలే.

జూన్ 25

పిల్లకి విరేచనాలు.

జూన్ 26

తగ్గలేదు. తొడలు ఎర్రగా కందిపోయాయి. ఏడుపు కూడా సన్నగిల్లింది. గట్టిగా ఏడిస్తేనే నయం అనిపిస్తోంది.

లుబ్నా పాలసీసా వాసన చూసింది. బ్లీచు. ఉమ్ బాసిల్ చాటుగా సీసాలు బ్లీచు నీళ్ళలో ముంచుతోందని తేలింది. ఇంకేముంది!

"నా పిల్లకి విషం పట్టావా అమ్మా?"

"నేనా? నా మనవరాలికా? కొంచెమే కలిపాను, బాగా తొలిచాను కూడా—"

"వెళ్ళిపో. దయచేసి కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళు."

ఉమ్ బాసిల్ ఆ మధ్యాహ్నమే కారెక్కింది. బ్లీచు పెట్టె ఇక్కడే వదిలేసింది. మెట్లు దిగుతూ నాతో, "పిల్లని చూస్తూ ఉండు ఉమ్ నిజార్," అంది.

సాయంత్రం లుబ్నా నా పక్కన కూర్చుంది. "బడి తెరిచాక జుమానా మీ దగ్గరే ఉంటుంది అత్తయ్యా. ఇంకెవర్నీ నమ్మలేను."

నమ్మలేను, అంది. నా దగ్గరే, అంది. నేను ముఖం తిప్పుకుని ఉల్లిపాయలు కోశాను. కళ్ళు తుడుచుకోవడానికి అదో సాకు.

జూన్ 28

ఉమ్ బాసిల్ వెళ్ళింది, బ్లీచు అటకెక్కింది, విరేచనాలు మాత్రం వెళ్ళలేదు.

జూన్ 30

డాక్టర్ రబాబ్ దగ్గరకి వెళ్ళాం. మనిషి పొట్టి, గొంతు మాత్రం సంతలో బేరమాడేంత పెద్దది. పిల్లని తక్కెట్లో పడుకోబెట్టింది. బరువు పెరగాల్సింది పోయి తగ్గింది. "ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి చేతికి సూది పెట్టాలి," అంది. ఆ చెయ్యికి! అందులో నరం ఎక్కడ కనపడుతుంది?

ఆ తర్వాత పోలీసుల్లా ప్రశ్నలు. సీసా ఎలా కడుగుతారు? మరిగిస్తాం. చేతులు? కడుక్కుంటాం. నేను ఊరుకోలేక, "మాది సబ్బు ఇల్లు డాక్టరమ్మా, మా సబ్బు ఏ క్రిమినీ బతకనివ్వదు," అన్నాను.

"సబ్బు చంపేది తక్కువ," అంది. "కొన్నిటి పొర చీల్చేస్తుంది. చాలావాటిని జిడ్డుతో సహా చర్మం మీంచి ఊడబెరికి నీళ్ళకి అప్పజెప్తుంది. అందుకే రుద్దాలి, నీళ్ళు పారాలి. మరుగు నీళ్ళు చంపుతాయి. బ్లీచు కూడా చంపుతుంది, కాకపోతే ముందు కడిగిన చోట పోయాలి, కాసేపు ఉంచాలి. మురికి మీద పోస్తే మురికితోనే కొట్లాడి అలిసిపోతుంది. మూడూ మంచివే. కానీ మూడూ పని చేసి ఇంటికి వెళ్ళిపోయే రకం. కాపలా కాసేది ఒక్కటీ లేదు."

"అంటే?"

"అంటే మరిగిన నీళ్ళు మూత తీసి ఇంకో దాంట్లో పోశారనుకోండి. ఆ గిన్నె ఎంత శుభ్రమో నీళ్ళూ అంతే. మరిగించాక నీళ్ళు ఎక్కడ పెడుతున్నారు?"

"అదే కుండలో. మూత పెట్టి," అంది లుబ్నా టకీమని. నేను నోరు తెరిచేలోపే. ఎందుకంత తొందరో.

నేను నోరు తెరిచానా? తెరిచాననే అనుకుంటున్నాను.

జూలై 1

కూజా గురించి ఇక్కడ రాయను.

జూలై 1, సాయంత్రం

రాయనన్నానుగా.

జూలై 2

మట్టి కూజాకి సబ్బు పెట్టకూడదు. పెడితే మట్టి సబ్బు తాగేస్తుంది, ఆ తర్వాత ఏడాది పొడుగునా నీళ్ళు సబ్బు రుచే. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. ఊరంతా ఇంతే. నీళ్ళతో తొలిచి ఎండలో బోర్లిస్తే చాలు. చొక్కా కాలరు మొదలుకుని గుమ్మం మెట్టు దాకా సబ్బు పెట్టే ఇల్లు మాది, కూజా ఒక్కటే సబ్బు మొహం చూడలేదు.

ఇవాళ ఇంట్లో ఎవరూ లేనప్పుడు మెడలోంచి వేలు పెట్టి లోపల గోడ తడిమాను. వేలికి జారుడుగా తగిలింది. వేలు బయటికి తీసి చూశాను. పచ్చగా ఉంది.

ఛీ. ఛీ. ఛీ. ఇందులోనా నేను పసిదాని పాలు కలిపింది!

కూజాని తీసుకెళ్ళి మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల పెట్టాను. అబూ నిజార్ అడిగితే పగిలిందని చెప్పాను.

జూలై 4

పిల్ల నవ్వింది. గాలికి నవ్విందంటారు కొందరు. కాదు, నన్ను చూసి నవ్వింది. విరేచనాలు ఆగాయి. పాలు గటగటా తాగుతోంది.

అయితే అయిపోయినట్టే. కూజా లేదు, జబ్బు లేదు. ఇక చెప్పడానికేముంది? ఉత్తి పుణ్యానికి ఇల్లు తగలబెట్టుకోవడం తప్పితే.

జూలై 5

లుబ్నా ఎందుకో రెండు రోజులుగా ముభావంగా ఉంది. వాళ్ళమ్మ ఫోను మోగితే వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పారిస్తోంది. నేనే తీశాను.

"పిల్లెలా ఉంది ఉమ్ నిజార్?"

"నయంగా ఉంది."

"నిజంగానా? అయితే నా వల్లేనన్నమాట. నేను వచ్చాక వచ్చింది, వెళ్ళాక పోయింది." వెక్కుతోంది. అంత గొంతున్న మనిషి వెక్కుతోంది. "లుబ్నా ఇంక నన్ను పిల్లని ముట్టనివ్వదు. నువ్వు అదృష్టవంతురాలివి."

నేను ఏవో నాలుగు మాటలు అని పెట్టేశాను. ఆ నాలుగు మాటల్లో చెప్పాల్సిన మాట లేదు.

జూలై 6

నా మంచం పక్క ఉయ్యాలకి కొత్త దుప్పటి కుట్టాను. అంచుకి నీలం దారం. కుడుతున్నంతసేపూ ఆవిడ వెక్కిళ్ళే. మొండిది, బ్లీచు పిచ్చిది, నా బాత్రూంలో మమ్మల్ని చంపబోయింది. అయినా పిల్ల ఏడ్చినప్పుడు ఆవిడ మొహం నా మొహంలాగే పెట్టేది.

చెప్తే ఏమవుతుంది? ఉయ్యాల ఖాళీ అవుతుంది. నర్సరీకి పంపిస్తుంది లుబ్నా. "ఎవరి దగ్గర శుభ్రం బాగుంటే వాళ్ళ దగ్గర" అంది కదా. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే భరించలేకపోతున్నాను.

జూలై 7

చెప్పను.

జూలై 8

చెప్పాను.

పొద్దున కాఫీల దగ్గర. మేడెక్కి కూజా తెచ్చి లుబ్నా ముందు, రొట్టెల పళ్ళెం పక్కన పెట్టాను. అబూ నిజార్ "పగిలిందన్నావుగా?" అన్నాడు.

"అబద్ధం చెప్పాను. నువ్వు ఊరుకో. లుబ్నా, మీ అమ్మ తప్పేం లేదు. నువ్వు మరిగించిన నీళ్ళు నేను ఇందులో పోసి చల్లార్చాను. దీన్ని ఎన్నడూ సబ్బుతో కడగలేదు. లోపల వేలు పెట్టి చూడు. వద్దులే, పెట్టకు. పచ్చగా నాచు పట్టి ఉంది. పిల్లకి జబ్బు చేసింది నేను. కావాలంటే నర్సరీలో వెయ్యి. నేనేమీ అనను. అంటాను, కానీ నీకు వినపడకుండా అంటాను."

లుబ్నా కూజా వంకే చూస్తోంది. మొహం ఎర్రబడింది. ఇక మొదలవుతుంది అనుకుని తలగుడ్డ అంచు నోట్లో పెట్టుకున్నాను. గుక్క తిప్పుకోకుండా లుబ్నా ఏడుపు మొదలెట్టింది. ఏడుపో నవ్వో అర్థం కాలేదు.

"అత్తయ్యా, నేను కూడా."

"నువ్వు కూడా ఏమిటి?"

"మరిగిన నీళ్ళతో పాలు కలిపితే సీసా కాలిపోయేది. జుమానా గుక్కపట్టి ఏడ్చేది, నాకు చేతులూ కాళ్ళూ ఆడేవి కావు. చల్లారాలని... కూజా నీళ్ళు కొంచెం కలిపేదాన్ని. ప్రతిసారీ కాదు. చాలాసార్లు. మీరు అందులో మరిగిన నీళ్ళే పోయడం చూశాను కదా, ఏం కాదులే అనుకున్నాను. డాక్టరు అడిగినప్పుడు భయపడిపోయాను. అందుకే అంత తొందరగా అబద్ధం చెప్పాను. మర్నాటి నుంచి మానేశాను. అమ్మకి ఫోను చేయడానికి మొహం చెల్లడం లేదు."

ఓసి పిల్లా! ఇన్నాళ్ళూ నాచేత చేతులు కడిగించి కడిగించి చర్మం ఊడగొట్టి, నువ్వు చేసింది ఇదా? అన్నాను కూడా. అనకుండా ఎలా ఉంటాను?

వెంటనే జెనీన్‌కి ఫోను. లుబ్నా ఏడుస్తూ మొత్తం చెప్పింది. అవతలనుంచి ఉమ్ బాసిల్ గొంతు, చిన్నగా:

"ఆ కూజానా? కిటికీలోదా?"

"అదే అమ్మా."

"అయ్యో దేవుడా. బ్లీచు వాసన పోవాలని సీసాలు ప్రతిసారీ నేను తొలిచింది వాటితోనే కదే!"

అబూ నిజార్ కాఫీ పొలమారింది. వీపు మీద కొట్టాల్సి వచ్చింది. నేను కొంచెం గట్టిగానే కొట్టాను, అంత నవ్వెందుకు? ఒకరు మరిగించి అందులోవే కలిపారు, ఒకరు బ్లీచు పెట్టి అందులో తొలిచారు, ఒకరు సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని వచ్చి అందులోంచి వంచారు. ముగ్గురం మూడు దారుల్లో వెళ్ళి ఒక్క గుంటలోనే పడ్డాం.

జూలై 10

ఉమ్ బాసిల్ తిరిగొచ్చింది. ఈసారి ఒక్క పెట్టే. గుమ్మంలో కావిలించుకుని ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆవిడ నా భుజం మీంచి చూసి, "ఆ కూజా ఏదీ? బ్లీచులో నానబెట్టి ఇస్తాను," అంది.

"నీ బ్లీచు నా కూజా జోలికి రాకూడదు! మట్టి, పీల్చేస్తుంది. సబ్బు పెట్టి లోపల గట్టి కుంచెతో—"

"సబ్బు మాత్రం పీల్చదా? అత్తయ్యా, పెద్ద డేక్సాలో వేసి మరిగిద్దాం," అంది లుబ్నా.

"మరిగిస్తే పగుళ్ళిస్తుంది!"

"పగిలితే పగలనివ్వండి!"

గొంతులు లేచాయి. సందు చివర హజ్జా ఫత్‌హియా కిటికీ తెరుచుకుంది. పిల్ల లేచి కేరుమంది. మునుపటి ఏడుపు, గట్టి ఏడుపు. ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

కూజాని అబూ నిజార్ పట్టుకుపోయాడు. బాల్కనీలో మట్టి నింపి పుదీనా పెట్టుకుంటాడట. పెట్టుకునేముందు, "నీళ్ళు మాత్రం బాగుండేవి," అన్నాడు. నిజమే, బాగుండేవి.

జూలై 11

డాక్టర్ రబాబ్ తక్కెట్లో ముల్లు ఇటువైపు మొగ్గింది. బరువు పెరిగింది.

ఇంటికొస్తూ కార్లో అడిగేశాను, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏదో కూరగాయల ధర అడిగినట్టు. "అయితే నర్సరీ ఎప్పటినుంచి?"

"నర్సరీ ఎందుకు?" అంది లుబ్నా. "మీ దగ్గరే కదా అనుకున్నాం."

"కూజా సంగతి తెలిశాక కూడానా?"

"కూజా సంగతి మీరే చెప్పారు కదా. నేను నోరు మూసుకున్నాను. మీరు పళ్ళెం పక్కన పెట్టి చెప్పారు. నర్సరీలో పొరపాటు జరిగితే నాకెవరు చెప్తారు అత్తయ్యా?"

మళ్ళీ ఉల్లిపాయలుంటే బాగుండును అనిపించింది. కార్లో ఉల్లిపాయలుండవు కదా, అలాగే ఏడ్చాను.

ఇంటికి చేరాం. మెట్లెక్కగానే లుబ్నా బూట్లు విప్పుతూ, పిల్లని తీసి నా వైపు చాచింది. "పట్టుకోండి అత్తయ్యా, నడుం పడిపోతోంది." చేతుల మాటే ఎత్తలేదు. ఏమీ అడగలేదు. ఈ ఇంట్లో ఇదే మొదటిసారి.

జుమానా కాళ్ళు గాల్లో తన్నుతూ నా వంక చూస్తోంది. నా చేతులు వాటంతటవే లేచాయి. వెనక్కి తీసుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగు తల్లీ," అన్నాను. "చేతులు కడుక్కుని వస్తాను."